‘పాజిటివ్’ అని ఒక్క మాట రాసి పంపకండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు, రక్తపరీక్షల ల్యాబులు నడిపే యజమానులకు, ఆ పరీక్షలు రాసే డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మీ పని ఎంత బరువో నాకు తెలియనిది కాదు కాబట్టి పొగడ్తలు పక్కనపెట్టి నేరుగా విషయానికి వస్తాను.

రక్తపరీక్షల రిపోర్టుల్లో ఒట్టి ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అని రాసి వదిలేయొద్దని ఇప్పటికి మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది సోమవారం గ్రీవెన్స్‌లో చేతికిచ్చాను. ఫోన్‌కు ఒక నంబరు వచ్చింది, ఇరవై రోజులకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడగడానికి వెళ్తే ఆ సీటులో మనిషి మారిపోయాడు. మూడోది ఒక పెద్ద ల్యాబు యాజమాన్యానికి రాశాను. వాళ్లు మాత్రం వెంటనే స్పందించారు, తర్వాతి పరీక్షకు పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. అందుకే ఈ లేఖను నలుగురి ముందూ పెడుతున్నాను.

విషయం ఆటోఇమ్యూన్ జబ్బుల రక్తపరీక్షలు. లూపస్ (చర్మం, కీళ్లు, కిడ్నీలను దెబ్బతీసేది), కీళ్లవాతం, స్క్లీరోడెర్మా (చర్మం గట్టిపడేది), జోగ్రెన్స్ (కళ్లు, నోరు ఎండిపోయేది) లాంటివన్నీ ఈ కోవలోవే. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడుతుంది. కంచే చేను మేస్తుంది. ఆ మేసే కంచె ఆనవాళ్లను, అంటే సొంత కణాల మీద పడే యాంటీబాడీలనే ప్రోటీన్లను రక్తంలో వెతకడానికి ఏఎన్‌ఏ (కణాల కేంద్రకాన్ని పట్టేవాటికి), ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ (ఈ రెండూ కీళ్లవాతానికి), డీఎస్ డీఎన్‌ఏ (లూపస్‌కు) అని రకరకాల పరీక్షలున్నాయి. పరీక్షలు మంచివే. వాటిని మనం వాడుతున్న తీరు బాగాలేదు.

మా అక్క కూతురి సంగతి చెప్తాను. వయసు 23. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. మొదట వేళ్ల కీళ్లు పట్టేశాయి. తర్వాత నోట్లో పుళ్లు, సాయంత్రమయ్యేసరికి కాస్త జ్వరం, దువ్వెనకు గుప్పెడు జుట్టు. మండల కేంద్రంలో చూపిస్తే ఏఎస్‌ఓ (గొంతు ఇన్ఫెక్షన్ ఆనవాలు), ఆర్‌ఏ, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఆనవాలు) రాశారు. మన చిన్న ల్యాబుల్లో ఒళ్లునొప్పులంటే చాలు, ఈ మూడూ జంట ఎద్దుల్లా కాదు, ముక్కంటి కళ్లలా కలిసే వస్తాయి. మూడూ నెగెటివ్. ఆ రోజు రాత్రి నాకు ఫోన్ చేసింది. ‘ఆర్‌ఏ నెగెటివ్ అంట మామయ్యా, వాతం లేదంట’ అంది. నేను కూడా ‘సరేలే అమ్మా, నీరసం అయ్యుంటుంది’ అన్నాను. 31 ఏళ్లు ల్యాబులో కూర్చున్నవాణ్ణి, ఆ మాట అన్నాను.

ఆర్‌ఏ నెగెటివ్ అయితే లూపస్ లేదని అర్థం కాదు. అసలు ఆ పరీక్ష లూపస్ గురించి ఏమీ చెప్పదు. సీఆర్‌పీ కూడా లూపస్ ముదురుతున్నప్పుడు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. పిల్లకు నొప్పి బిళ్లలు ఇచ్చారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ ఏవో చిన్న బిళ్లలు ఇచ్చాడు. వారంలో నొప్పులు మాయం, జ్వరం మాయం. అందరం సంతోషించాం. అవి స్టెరాయిడ్లు. పైకి కనిపించే మంట ఆరింది, లోపల రాజుకుంటూనే ఉంది. ఎనిమిది నెలల తర్వాత పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే హైదరాబాద్ తీసుకెళ్లాం. ఏఎన్‌ఏ 1:640, డీఎస్ డీఎన్‌ఏ చాలా ఎక్కువ, సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్లు (రక్షణ వ్యవస్థ వాడుకునేవి) పడిపోయాయి, మూత్రంలో ప్రోటీన్ మూడు ప్లస్సులు. కిడ్నీ బయాప్సీలో లూపస్ నెఫ్రైటిస్, నాలుగో తరగతి, అంటే లూపస్ కిడ్నీలకు గట్టిగా పాకింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ సంగతి ఇంకెప్పుడైనా.

ఇప్పుడు మా ఎదురింటి టీచరమ్మ సంగతి. ఆమెకు ఏ రోగమూ లేదు, థైరాయిడ్ తప్ప. పండగ ఆఫరని ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీ చేయించుకుంది. అందులో ఏఎన్‌ఏ కూడా కలిపారు. రిపోర్టులో ఎర్రక్షరాల్లో ‘పాజిటివ్’ అని ఉంది. పక్కన 1.3 అని ఒక అంకె. ఏ పద్ధతో, ఆ అంకె దేనికి గుర్తో ఒక్క ముక్క లేదు. ఫోన్‌లో వెతికితే లూపస్ అని, ప్రాణాంతకమని వచ్చిందట. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. ఒక డాక్టరు ఐదు వేల చిల్లర పెట్టి ఏఎన్‌ఏ ప్రొఫైల్ (ఒక్కో యాంటీబాడీకి ఒక్కో గీత కనిపించే పరీక్ష) చేయించాడు, అందులో ఒక గీత సన్నగా కనిపించింది. ఇంకో డాక్టరు అదే మళ్లీ వేరే ల్యాబులో చేయించమన్నాడు, ఆ గీత రాలేదు. మూడోసారి, నాలుగోసారి. పదినెలలు అలా గడిచాక ఒక రుమటాలజీ (కీళ్ల, ఆటోఇమ్యూన్ జబ్బుల) డాక్టరమ్మ రిపోర్టుల కట్టను పక్కన పెట్టి, కీళ్లు నొక్కి చూసి, నోరు తెరిపించి, మూత్రపరీక్ష ఒక్కటి చేయించి, ‘మీకేం లేదమ్మా, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఇలా రావడం మామూలే’ అంది. ఈ మాట మొదటి రిపోర్టు కిందే రెండు వాక్యాల్లో రాసి ఉండొచ్చు కదా అని టీచరమ్మ నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జబ్బున్న పిల్లకు ‘నెగెటివ్’ అన్న మాట, జబ్బు లేని మనిషికి ‘పాజిటివ్’ అన్న మాట. రెండు మాటలూ అబద్ధాలు కావు. కానీ రెండిళ్లూ వాటివల్లే చెడ్డాయి.

ఈ పరీక్ష ఎలా జరుగుతుందో ఒక్క నిమిషం చెప్పనివ్వండి. పెద్దలకు తెలిసిందే, చదివే మామూలు జనం కోసం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లూపస్‌కు మా చేతిలో ఉన్నది ఎల్‌ఈ సెల్ పరీక్ష ఒక్కటే. రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, ఆ గడ్డను జల్లెడలో మెదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన తెల్లకణాలను స్లైడు మీద పరిచి వెతికేవాళ్లం. ఒక తెల్లకణం ఊదారంగు ముద్దను మింగి, కడుపు ఉబ్బి కనిపిస్తే అదే ఎల్‌ఈ సెల్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్, ఆయన తోటివాళ్లు దాన్ని మొదటిసారి గుర్తించారు. గంటలకొద్దీ వెతికినా చాలాసార్లు దొరికేది కాదు.

బోధనాసుపత్రికి బదిలీ అయ్యాక ఐఎఫ్‌ఏ పద్ధతిలో ఏఎన్‌ఏ నేర్చుకున్నాను. హెప్-2 అనే కణాలు పరిచిన స్లైడు మీద రోగి సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని) పలచన చేసి వేస్తాం. కణాల కేంద్రకాన్ని పట్టే యాంటీబాడీలు ఉంటే అతుక్కుంటాయి. కడిగి, వెలుగు రంగు కలిపిన రెండో ద్రవం వేసి, చీకటి గదిలో చూస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి. కేంద్రకమంతా ఒకేలా మెరిస్తే ఒక అర్థం, రవ్వరవ్వగా మెరిస్తే ఇంకో అర్థం, విడివిడి చుక్కలు లెక్కపెట్టేలా కనిపిస్తే స్క్లీరోడెర్మా వైపు చూడమని అర్థం. ఈ మెరుపు తీరులకు అంతర్జాతీయంగా ఏసీ-1, ఏసీ-2 అని వరసగా నంబర్లు కూడా ఇచ్చారు. అందులో ఏసీ-2 అనే తీరు ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే మెరుపు ఉందా లేదా అన్నదే కాదు, ఎలా మెరిసిందన్నదీ చూడాలి.

ఇక 1:80, 1:640 అనే అంకెలు. చింతపండు పులుసులో నీళ్లు పోస్తూ పోయి, ఎంత పలచన చేసేదాకా పులుపు నాలుకకు తగులుతుందో చూడటం లాంటిదే ఇది. ఎంత పలచన చేసినా మెరుస్తోందంటే యాంటీబాడీ అంత గట్టిగా ఉందని. 1997లో అచ్చైన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తాన్నే పరీక్షిస్తే 1:40 దగ్గర 31.7 శాతం మందికి, 1:80 దగ్గర 13.3 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి, 1:320 దగ్గర 3.3 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. పలచన అంకె వేయకుండా ‘పాజిటివ్’ అని రాయడమంటే, పులుసులో ఎన్ని నీళ్లు పోశారో చెప్పకుండా పుల్లగా ఉందని చెప్పడమే. ఇక నిజంగా లూపస్ ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి పైగా ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తుంది. కాబట్టి ఈ పరీక్ష గొప్పదనం ‘లేదు’ అని చెప్పడంలో ఉంది. ‘ఉంది’ అని చెప్పాల్సింది మనిషిని చూసిన డాక్టరే.

ఇప్పుడు నా విన్నపాలు. ఒక్కోదాని కింద జనానికి జరుగుతున్న నష్టాన్ని, మేం అడుగుతున్నదాన్ని కలిపే రాస్తున్నాను.

1. రిపోర్టులో పూర్తి సంగతి రాయాలి. ఏఎన్‌ఏ రిపోర్టు ఇచ్చే ప్రతి ల్యాబు, అది ఐఎఫ్‌ఏ పద్ధతో, ఎలైజా పద్ధతో రాయాలి. ఐఎఫ్‌ఏ అయితే ఏ పలచన నుంచి మొదలుపెట్టారు, ఎక్కడిదాకా మెరిసింది, మెరుపు తీరు ఏమిటి, ఇవన్నీ ఉండాలి. ఎలైజా పరీక్షను మిషన్ చేస్తుంది, ఒక అంకె ఇస్తుంది, మెరుపు తీరు చెప్పలేదు. అది తప్పుడు పరీక్షని నేననను, కానీ రెండూ ఒకటి కావు. ఐఎఫ్‌ఏనే ప్రామాణికంగా ఉంచాలని 2009లోనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ చెప్పింది. రిపోర్టు కింద తెలుగులో రెండు వాక్యాలు అచ్చువేయండి: ‘ఈ పరీక్ష ఆరోగ్యవంతుల్లో కూడా పాజిటివ్ రావచ్చు. దీన్ని చూసి మాత్రమే జబ్బు నిర్ధారణ కాదు.’ దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ప్రింటర్‌లో సిరా చాలు.

2. ప్యాకేజీల నుంచి వీటిని తీసేయాలి. ఏఎన్‌ఏ, ఆర్‌ఏ, హెచ్‌ఎల్‌ఏ బీ27 లాంటివి లక్షణాలను బట్టి డాక్టరు రాయాల్సిన పరీక్షలు. పండగ ఆఫర్లలో కొబ్బరికాయలా కలిపి అమ్మే సరుకు కాదు. హెచ్‌ఎల్‌ఏ బీ27 అయితే పుట్టుకతో వచ్చే జన్యువు. అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి, దానితో ముడిపెట్టే వెన్ను జబ్బు జీవితంలో రానే రాదు. పెళ్లిచూపుల ఈడు కుర్రాడికి అది పాజిటివని కాగితం ఇస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పాలా? ఏఎన్‌ఏ పాజిటివ్‌గా ఉండి, లక్షణాలను బట్టి జబ్బు అనుమానం కూడా ఉంటే తప్ప దాని కింద వచ్చే ఖరీదైన ప్రొఫైళ్లు చేయించొద్దని కూడా అమెరికన్ రుమటాలజీ డాక్టర్లు 2013లోనే తమ తోటి డాక్టర్లకు చెప్పుకున్నారు. ఒకసారి పాజిటివ్ వచ్చిన ఏఎన్‌ఏను నెలనెలా చేయించడం కూడా వృథా. జబ్బు పెరిగిందా తగ్గిందా అన్నది అది చెప్పదు. డీఎస్ డీఎన్‌ఏ, సీ3, సీ4, మూత్రపరీక్ష చెప్తాయి.

3. ఆర్‌ఏ పరీక్షను దాని హద్దులో ఉంచాలి. ఇందులో నా తప్పు కూడా ఉంది. నల్ల స్లైడు మీద సీరం చుక్క, లేటెక్స్ చుక్క వేసి అటూ ఇటూ వంచితే తెల్లగా రవ్వ కట్టిందా, పాజిటివ్ అని రాసేవాణ్ణి. వేలసార్లు రాసుంటాను. ముసలితనంలో, హెపటైటిస్ సీలో, క్షయలో, గుండె కవాటాల ఇన్ఫెక్షన్లో కూడా అది రవ్వ కడుతుంది. ఒక పెద్దాయనకు నేను రాసిన ఆ పాజిటివ్ పట్టుకుని బయట ఎవరో స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. ఆయనకున్నది క్షయ. అది బయటపడేసరికి మనిషి సగమయ్యాడు. ఇంకోవైపు, నిజంగా కీళ్లవాతం ఉన్నవాళ్లలోనే నలుగురైదుగురిలో ఒకరికి ఆర్‌ఏ నెగెటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ పరీక్ష దీనికన్నా నమ్మకమైనది. ఆర్‌ఏ రెండు రూపాల్లోనూ మోసం చేయగలదని మండల స్థాయి డాక్టర్లకు, టెక్నీషియన్లకు శిక్షణలో చెప్పండి.

ఇక్కడే మన ప్రాంతపు సంగతి ఇంకోటుంది. 2005-06లో చికున్ గున్యా మన జిల్లాలను ఎలా కుదిపిందో మరిచిపోలేం. ఆ జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి కీళ్లు పట్టుకుపోయిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. చూడటానికి అచ్చం కీళ్లవాతమే. అలాగే క్షయకు వాడే ఐసోనియజిడ్ మందు వల్ల కూడా ఏఎన్‌ఏ పాజిటివ్ అవుతుంది. ఈ మధ్య ఏ జ్వరం వచ్చింది, ఏ మందులు వాడుతున్నారు అని శాంపిల్ తీసేటప్పుడే ఒక కాగితం మీద రాసుకుంటే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. ఇప్పుడు కలెక్షన్ సెంటర్లో రాసుకుంటున్నది పేరు, వయసు, ఫోన్ నంబరు, ‘రిఫర్ చేసిన డాక్టరు’. ఆ నాలుగో గడి దేనికో నాకూ తెలుసు, మీకూ తెలుసు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. అమలు చేయండి.

4. గర్భిణుల విషయంలో తొందరపాటు రాతలు ఆపాలి. ఈ అంశాన్ని దయచేసి రెండుసార్లు చదవండి.

గర్భిణులకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందేమోనని వీడీఆర్‌ఎల్ పరీక్ష చేస్తాం. ఆ పరీక్షలో వాడే ద్రవంలో కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. లూపస్ ఉన్నవాళ్ల రక్తంలో, యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు (రక్తాన్ని గడ్డలు కట్టించేది) ఉన్నవాళ్ల రక్తంలో సరిగ్గా దాన్నే పట్టే యాంటీబాడీలు ఉండొచ్చు. సిఫిలిస్ లేకపోయినా వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వస్తుంది. ఇది ఎంత తెలిసిన సంగతంటే 1982 నాటి లూపస్ ప్రమాణాల్లో ‘సిఫిలిస్ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావడం’ కూడా ఒక గుర్తుగా చేర్చారు. మరి మన దగ్గర? టీపీహెచ్‌ఏ అనే రెండో సిఫిలిస్ పరీక్షతో ఖాయం చేసుకోకుండా కాగితం ఆమె అత్తగారి చేతికి పోతుంది. ఆ పిల్ల పుట్టింటికి చేరుతుంది. ఏ పాపం తెలియని మొగుడు ఊళ్లో తలెత్తుకోలేడు. అసలు అడగాల్సిన ప్రశ్న ‘ఇదివరకు గర్భం పోయిందా?’ అన్నది. దాన్ని ఎవరూ అడగరు.

యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు ఉంటే గర్భం మళ్లీ మళ్లీ పోతుంది. మూడుసార్లు పోయిన కోడలిని మన ఊళ్లలో ఏమంటారో రాయను. లూపస్ యాంటికోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ పరీక్షలు చేసి, 12 వారాల తర్వాత మళ్లీ చేసి రెండుసార్లూ ఉందని తేలితే చిన్న మోతాదు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇంజెక్షన్లతో చాలామందికి బిడ్డ నిలుస్తుంది. ఆ 12 వారాల గడువు ఎందుకంటే ఏదైనా ఇన్ఫెక్షన్ వల్ల కొన్నాళ్లు కనిపించి పోయే యాంటీబాడీలు కూడా ఉంటాయి. ఇంకో పరీక్ష యాంటీ రో అనే యాంటీబాడీకి. అది ఉన్న తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి కడుపులోనే గుండె లయ దెబ్బతింటుంది. లూపస్, జోగ్రెన్స్ ఉన్న తల్లులకు ఆ పరీక్ష ముందే చేసి, 16 వారాల నుంచి బిడ్డ గుండెను స్కాన్‌లో చూస్తూ ఉండొచ్చు.

మేం అడుగుతున్నది: వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భిణికి ఖాయం చేసే పరీక్ష అయ్యేదాకా ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వకూడదు, సంగతి ఆమెకే చాటుగా చెప్పాలి. గర్భాలు పోయిన చరిత్ర ఉన్నవాళ్లకు ఈ పరీక్షలు జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా జరగాలి.

5. మూత్రపరీక్షను మరవొద్దు. ఇది చిన్న మాటే. కీళ్లనొప్పులు, జ్వరం, నోటిపుళ్లు, జుట్టు రాలడం అని వచ్చే ఆడపిల్లకు (లూపస్ పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్లకే, అదీ ఎక్కువగా పిల్లలు కనే వయసులో వస్తుంది) ఐదు వేల ప్రొఫైల్ కన్నా ముందు మూత్రంలో ఒక స్ట్రిప్ ముంచి చూడండి. మా పిల్లకు ఎనిమిది నెలల్లో ఏడుచోట్ల రక్తం తీశారు. మూత్రం ఒక్కరూ అడగలేదు. ప్రతి పీహెచ్‌సీలో ఆ స్ట్రిప్పులు, బీపీ మిషను ఎప్పుడూ ఉండాలి. మిషన్ ఉండి సెల్లులు లేకపోతే లేనట్టే.

6. శాంపిల్ ప్రయాణానికి పద్ధతి ఉండాలి. ‘ఇవి సున్నితమైన పరీక్షలు, జిల్లాల్లో కుదరవు’ అని ఒక అధికారి నాతో అన్నారు. సగం నిజం. ఏఎన్‌ఏకి కావలసిన సీరం విడదీసి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు చెక్కుచెదరదు, ఎంత దూరమైనా పోతుంది. సున్నితమైనవి వేరు. కాంప్లిమెంట్ పరీక్షల శాంపిల్ ఎండలో డబ్బాలో తిరిగితే అంకె చెడిపోతుంది. లూపస్ యాంటికోయాగ్యులెంట్ శాంపిల్‌ను రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి ప్లేట్‌లెట్లు తీసేయాలి, రక్తం పలచబడే మందు రోగి వాడుతుంటే ఆ సంగతి ల్యాబుకు చెప్పాలి. ఇవేవీ రాకెట్ ప్రయోగాలు కావు.

తెలంగాణలో 2018 నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్ బండ్లు పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లను హబ్బులకు చేరుస్తున్నాయి, రిపోర్టు ఫోన్‌కే వస్తోంది. మంచి పద్ధతి, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. ఆ బండి తిరిగే దారిలోనే ఈ ట్యూబులూ పోవచ్చు. బోధనాసుపత్రుల మైక్రోబయాలజీ విభాగాల్లో ఐఎఫ్‌ఏ చేసే ఏర్పాటు చేసి, చుట్టుపక్కల జిల్లాల శాంపిళ్లు అక్కడికి పంపండి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇదే దారి పట్టండి. ఏ ఆసుపత్రిలో ఏ పరీక్ష ఉచితమో, రిపోర్టు ఎన్ని రోజుల్లో వస్తుందో ప్రతి పీహెచ్‌సీ గోడ మీద తెలుగులో రాయించండి. మేం అడిగి, బతిమాలి తెలుసుకోవాల్సిన విషయం కాదది.

7. మంచం పట్టకముందే ఆదుకోవాలి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ లాంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తాయి. కానీ ఆటోఇమ్యూన్ జబ్బులో అసలు యుద్ధం ఓపీలో జరుగుతుంది. మూడు నెలలకోసారి రక్తం, మూత్రం చూసుకుంటూ మందు సరిచేసుకుంటే కిడ్నీ మిగులుతుంది. ఆ పరీక్షలకు డబ్బు లేక మానేసినవాళ్లు రెండేళ్లకు డయాలిసిస్‌కు వస్తారు, అప్పుడు పథకం వర్తిస్తుంది! కిడ్నీ పోయాక లక్షలు పెట్టే బదులు కిడ్నీ ఉండగా వందలు పెట్టండి. లూపస్, కీళ్లవాతం, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) రోగుల ఫాలోఅప్ పరీక్షలకు, మందులకు ఓపీ కార్డు ఇవ్వండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి చవక మందు కూడా 2020లో కరోనా హడావిడిలో దుకాణాల్లో దొరక్క ఈ రోగులు ఎంత తిరిగారో గుర్తుంది కదా. దాని నిల్వ జిల్లా ఆసుపత్రిలో ఎప్పుడూ ఉండాలి.

8. ల్యాబుల నాణ్యత సంగతి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు మన దేశంలో స్వచ్ఛందం. ఉన్నవాళ్లు తీసుకుంటారు, లేనివాళ్లు లేకుండానే నడుపుతారు. కనీసం ఆటోఇమ్యూన్ పరీక్షలు చేసే ల్యాబులైనా బయటి నాణ్యతా పరీక్షల్లో పాల్గొని తీరాలని, ఐఎఫ్‌ఏ స్లైడును ఇద్దరు చూసి సంతకం పెట్టాలని ఉత్తర్వు ఇవ్వండి. చీకటి గదిలో సాయంత్రం నలభయ్యో స్లైడు చూసేటప్పటికి కళ్లు ఏం చెప్తాయో నాకు అనుభవం. ఉన్న మెరుపు కనిపించదు, లేని మెరుపు కనిపిస్తుంది.

డాక్టర్లకు వేరుగా ఒక మాట. మీ ముందు ఒక్కో ఓపీలో వందమంది ఉంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలే దొరుకుతాయని తెలుసు. ఆ రెండు నిమిషాల్లో పరీక్ష రాయడం సులువు, ప్రశ్న అడగడం కష్టం. అయినా పరీక్ష రాసేముందు, ‘ఇది పాజిటివ్ వస్తే నేనేం చేస్తాను, నెగెటివ్ వస్తే ఏం చేస్తాను’ అని మీరు ఒకసారి అనుకోండి. రెండింటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష అక్కర్లేదు. అనుమానం గట్టిగా ఉంటే మాత్రం స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే రుమటాలజీకి పంపండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ప్రతి ఉమ్మడి జిల్లా కేంద్రంలో నెలకోసారైనా ఒక రుమటాలజీ ఓపీ పెట్టించమని మీరు కూడా మాతో కలిసి అడగండి. మేం అడిగితే అర్జీ అవుతుంది. మీరు అడిగితే ఫైలు కదులుతుంది.

ల్యాబు యజమానులకు: మీ కౌంటర్లో కూర్చునే అమ్మాయికి నెలకు ఇన్ని ప్యాకేజీలు అమ్మాలని టార్గెట్ పెట్టారని నాకు తెలుసు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలే మీ దగ్గర చేస్తున్నారు. టార్గెట్ ఎత్తేయమని అడిగే స్థోమత నాకు లేదు. ఆ జాబితాలోంచి ఏఎన్‌ఏను తీసేయమని అడుగుతున్నాను.

ఈ లేఖ నకళ్లను రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు స్పీడ్ పోస్టులో పంపాను. నెల రోజుల్లో 1, 4, 6, 7 అంశాల మీద ఏం చేయదలిచారో చెప్పండి. చెప్పకపోతే, ఏ జిల్లా ఆసుపత్రిలో ఏఎన్‌ఏ, యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు జరుగుతున్నాయి, గత ఏడాది ఎన్ని చేశారు, వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చిన గర్భిణుల్లో ఎంతమందికి ఖాయం చేసే పరీక్ష చేశారు అని సమాచార హక్కు చట్టం కింద జిల్లా జిల్లాకూ దరఖాస్తు పెడతాను. రిటైరైనవాణ్ణి, నాకు తీరిక ఉంది. పది రూపాయల స్టాంపులకు పింఛను సరిపోతుంది.

మా మేనకోడలు ఇప్పుడు మందుల మీద నిలకడగా ఉంది. సీ3, సీ4 చూపించుకోవడానికి మూడు నెలలకోసారి తెల్లవారుజామున నాలుగు గంటల బస్సెక్కుతుంది, రాత్రి పదికి ఇల్లు చేరుతుంది. వచ్చే నెల మళ్లీ పోవాలి.

జవాబు కాగితం మీద ఇవ్వండి. ‘పరిష్కరించబడినది’ అన్న మెసేజ్ మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్